వయసు మళ్ళిన క్యాన్సర్ రోగిని తాగుడు గురించి ఎలా అడగాలి?

"మా నాన్నగారికి వచ్చే వారం ఆపరేషన్. రోజూ రాత్రి కొంచెం తాగుతారు. డాక్టరుగారికి చెప్పాలా?" ఇది ఇళ్ళలోంచి వచ్చే ప్రశ్న. "డెబ్బై ఏళ్ళ పెద్దాయన్ని పట్టుకుని తాగుతారా అని ఎలా అడగను? నొచ్చుకోరా?" ఇది కొత్తగా క్యాన్సర్ వార్డులో చేరిన నర్సులు, కౌన్సెలర్లు అడిగేది. ఈ రెండూ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. చెప్పాలి, అడగాలి. అదీ వైద్యం మొదలుకాకముందే. ఎలాగన్నదే ఈ వ్యాసం.

ఎందుకో రెండు ముక్కల్లో చెప్తాను. వయసు పెరిగేకొద్దీ ఒంట్లో నీటి శాతం తగ్గుతుంది. అందుకే నలభై ఏళ్ళప్పుడు ఏమీ చేయని అదే గ్లాసు డెబ్బైలో రక్తంలో ఎక్కువ మోతాదుగా చేరుతుంది. పైగా ఆ వయసులో మాత్రలు ఎక్కువ. క్యాన్సర్ తోడైతే కీమో, ఆపరేషన్, నొప్పి తగ్గించే మార్ఫిన్ కూడా వచ్చి చేరతాయి. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, స్త్రీలలో రొమ్ము క్యాన్సర్లకు ఆల్కహాల్ ఒక కారణమని తేలిన సంగతే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే దాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. కానీ మనం అడిగేది తప్పు ఎవరిదో తేల్చడానికి కాదు. రేపు ఇవ్వబోయే మత్తు, మాత్రలు, సెలైన్ వాళ్ళ ఒంటికి సరిపడేలా చూసుకోవడానికి.

ఏమేం కావాలి

- తలుపు వేసుకునే వీలున్న గది, పది పదిహేను నిమిషాల సమయం.
- తాగుడు ఎంత ఉందో తేల్చే ఆడిట్-సి అనే మూడు ప్రశ్నల కాగితం (ప్రశ్నలు, మార్కులు కింద ఇచ్చాను).
- మిల్లీలీటర్ల గీతలున్న కొలగ్లాసు, వాళ్ళు ఇంట్లో వాడే రకం మామూలు గ్లాసు.
- రోగి వాడుతున్న మందులన్నిటి జాబితా. టానిక్కులు, దగ్గు సిరప్‌లు, నోరు పుక్కిలించే మందుతో సహా.
- వీలైతే ఇటీవలి రక్తపరీక్షలు.
- అవసరమైతే ఎవరి దగ్గరికి పంపాలో ముందే తెలిసి ఉండాలి: సైకియాట్రిస్టు, డీ-అడిక్షన్ (తాగుడు మాన్పించే) డాక్టరు, లేదా వార్డు ఫిజీషియన్. ఇది ఖరారు చేసుకోకుండా మొదలుపెట్టకండి. నిజం చెప్పించుకుని ఆ తర్వాత ఏమీ చేయకపోతే ఆ మనిషి ఇంకెవరికీ చెప్పరు.

1. సమయం ఎంచుకోండి

జబ్బు నిర్ధారణ అయ్యాక మొదటి వివరాలు రాసుకునేటప్పుడు, ఆపరేషన్ నిర్ణయమైనప్పుడు, కీమో మొదలయ్యే ముందు, వైద్యం ముగిశాక ఒకసారి. ఆపరేషన్ విషయంలో ఎంత ముందు అడిగితే అంత మంచిది. కనీసం నాలుగు వారాల ముందు మానేయగలిగితే తర్వాత వచ్చే చిక్కులు తగ్గుతాయి. ముందురోజు సాయంత్రం అడిగితే ఆ అవకాశం పోయినట్టే.

పెద్దవాళ్ళ కోసం వాడే జి-8 లాంటి చిన్న పరీక్ష చేశాం కదా, అందులో వచ్చేసిందిలే అనుకోవద్దు. జి-8లో తిండి, బరువు, నడక, మందుల సంఖ్య వంటివి ఉన్నాయి కానీ ఆల్కహాల్ ప్రశ్న లేదు. విడిగా అడగాల్సిందే.

2. గదిలో మీరిద్దరే ఉండేలా చూసుకోండి

కొడుకో, కోడలో, భార్యో పక్కనుంటే నిజం సగమే బయటికొస్తుంది. "బీపీ చూసి, కొన్ని ప్రశ్నలు అడిగి పిలుస్తానమ్మా, ఐదు నిమిషాలు బయట కూర్చోండి" అంటే ఎవరూ ఏమీ అనుకోరు. వినికిడి యంత్రం పెట్టుకున్నారో లేదో చూడండి. అరిచి అడగాల్సిన పరిస్థితి వస్తే పక్క బెడ్డు వాళ్ళకీ వినిపిస్తుంది, పెద్దాయన నోరు మూసుకుంటారు.

గొంతు ఆపరేషన్ అయి మాట్లాడలేని వాళ్ళకు ప్రశ్నలు పెద్ద అక్షరాలతో రాసి చూపించి వేలితో జవాబు చూపమనండి. మింగలేకపోతున్నారు, పొట్టలో ట్యూబు ఉంది, ఇంకేం తాగుతారు అనుకోకండి. ట్యూబులోంచి పోసుకునేవాళ్ళూ ఉంటారు.

3. మాట మొదలుపెట్టండి

ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. "మీకు తాగే అలవాటు లేదు కదండీ?" అని అడిగితే "లేదు" అనే వస్తుంది. ఆ జవాబు మీరే అందించారు. "అలవాటు" అన్న మాట కూడా వద్దు. వారానికి మూడుసార్లు తాగే మనిషి తనకు అలవాటు లేదనే నమ్ముతారు.

మన భాషతో వచ్చే ఇంకో చిక్కు ఉంది. "మందు తీసుకుంటారా?" అని అడగకండి. ఆస్పత్రిలో మందంటే మాత్రలే. ఆయన బీపీ మాత్రల గురించి "రోజూ వేసుకుంటానండీ" అంటారు, మీరు ఇంకేదో రాసుకుంటారు. ఇదే తిరగబడితే ఇంకా ప్రమాదం: "మందు మానేయండి" అన్న సలహా విని మాత్రలు ఆపేసినవాళ్ళు ఉన్నారు. పానీయం పేరు పెట్టే మాట్లాడండి.

నేను అడిగే పద్ధతి ఇది:

"అమ్మా, ఆపరేషన్‌కి మత్తు ఎంత ఇవ్వాలో, తర్వాత ఏ మాత్రలు పడతాయో లెక్కేసుకోవాలి. అందుకని అందరినీ అడిగే ప్రశ్నలే మిమ్మల్నీ అడుగుతున్నాను. బీరు, వైను, విస్కీ, బ్రాందీ లాంటివి ఈ ఏడాదిలో ఎప్పుడైనా తీసుకున్నారా? నిద్ర కోసమో, నొప్పి కోసమో కొద్దిగా తీసుకున్నా చెప్పండి."

"అమ్మా" అని ఊరికే రాయలేదు. ఆడవాళ్ళను, బాగా పెద్ద వయసువాళ్ళను అసలు అడగకుండా వదిలేయడం నేను చూసిన తప్పుల్లో అన్నిటికంటే సాధారణమైనది.

4. చివరిసారి ఎప్పుడో అడగండి, మార్కుల కంటే ముందు

"చివరిసారి ఎప్పుడు తీసుకున్నారు? ఏ రోజు, ఏ పూట?" ఈ ఒక్క జవాబు మిగతా అన్నిటికంటే విలువైనది. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే 6 నుంచి 24 గంటల్లో చేతులు వణకడం, చెమటలు, గుండెదడ, నిద్రలేమి మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. 48 నుంచి 96 గంటల మధ్య మతి తప్పి, లేనివి కనిపించి, ప్రాణం మీదికొచ్చే స్థితి రావచ్చు. ఆపరేషన్ తర్వాత రెండో రాత్రి, మూడో రాత్రి సరిగ్గా ఆ గంటల్లోనే పడతాయి.

చాలా ఏళ్ళ క్రితం ఒక పెద్దాయన కేస్ షీటులో "అలవాట్లు లేవు" అని రాసింది నేనే. కూతురి ఎదురుగా అడిగాను, ఆయన తల అడ్డంగా ఊపారు. ఆపరేషన్ అయిన రెండో రాత్రి సెలైన్ పీకేసి మంచం దిగబోయారు. వయసు వల్ల వచ్చిన అయోమయం అనుకుని ఆ రాత్రంతా పోగొట్టుకున్నాం. పొద్దున్నే కూతురు మెల్లగా చెప్పింది, రోజూ రాత్రి తాగేవారని. ఆయన కోలుకున్నారు. అప్పట్నుంచీ నేను ఈ ప్రశ్నను ఎవరి ముందూ అడగలేదు, ఎవరినీ అడక్కుండా వదల్లేదు.

*హెచ్చరిక:* రోజూ తాగేవాళ్ళకు, ఇంతకుముందు మానేసినప్పుడు ఫిట్స్ గానీ మతి తప్పడం గానీ వచ్చినవాళ్ళకు "ఇవాళ్టినుంచే ఆపేయండి" అని చెప్పకండి. ఇంట్లోవాళ్ళు సీసాలు దాచేసి బలవంతంగా ఆపించడం కూడా ప్రమాదమే. డాక్టరు పర్యవేక్షణలోనే ఆపాలి. వణుకు, చెమట, అయోమయం అప్పటికే మొదలై ఉంటే మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వెంటనే డాక్టర్ని పిలవండి. తాగేవాళ్ళని తెలిస్తే గ్లూకోజు ఎక్కించేముందు థయామిన్, అంటే బి1 విటమిన్, ఇవ్వాలా అని గుర్తుచేయండి. బి1 బాగా తగ్గిపోయిన మనిషికి అది లేకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు. సరిగా తినలేని క్యాన్సర్ రోగిలో బి1 తక్కువగా ఉండే అవకాశం మరీ ఎక్కువ.

5. గ్లాసు కొలవండి

"ఒక్క గ్లాసేనండీ" అన్నది కొలత కాదు. ఆ గ్లాసులో ఎంత పోసుకుంటారో నీళ్ళు పోసి చూపించమనండి. ఆ నీళ్ళను కొలగ్లాసులో వంచండి. సిగ్గుపడకుండా చూపిస్తారు, ఎందుకంటే చేతిపని మాటకంటే తేలిక.

లెక్క ఇది: మిల్లీలీటర్లు × శాతం ÷ 100 × 0.79 = స్వచ్ఛమైన ఆల్కహాల్ గ్రాములు. ఆడిట్-సి అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన పది ప్రశ్నల ఆడిట్ పరీక్షలోని మొదటి మూడు ప్రశ్నలే. ఆ ఆడిట్‌లో ఒక డ్రింకు అంటే 10 గ్రాములు.

- 40 శాతం విస్కీ 60 మి.లీ.: సుమారు 19 గ్రాములు, అంటే దాదాపు రెండు డ్రింకులు.
- అదే విస్కీ 180 మి.లీ.: సుమారు 57 గ్రాములు, ఆరుకు కాస్త తక్కువ.
- 5 శాతం బీరు 650 మి.లీ.: సుమారు 26 గ్రాములు, రెండున్నర.
- 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మి.లీ.: సుమారు 41 గ్రాములు, నాలుగు.
- 12 శాతం వైను 150 మి.లీ.: సుమారు 14 గ్రాములు, దాదాపు ఒకటిన్నర.

కొన్ని దేశాల్లో ఒక డ్రింకును 8 గ్రాములుగానో 14 గ్రాములుగానో లెక్కపెడతారు. మీ చేతిలో ఉన్న కాగితం ఏ లెక్కమీద తయారైందో ఒకసారి చూసుకోండి. ఇంట్లో కాచుకున్నదైతే శాతం తెలియదు. అప్పుడు మి.లీ. మాత్రం రాసి, పక్కన "శాతం తెలియదు" అని రాయండి. ఊహించి నింపకండి.

6. మూడు ప్రశ్నలు అడిగి మార్కులు వేయండి

ఒకటి: గత ఏడాదిలో ఎన్నాళ్ళకొకసారి తాగారు? అసలు లేదు 0, నెలకొకసారి లేదా అంతకన్నా తక్కువ 1, నెలకు 2–4 సార్లు 2, వారానికి 2–3 సార్లు 3, వారానికి 4 లేదా అంతకన్నా ఎక్కువ 4.

రెండు: తాగే రోజున మామూలుగా ఎన్ని డ్రింకులు? 1–2 అయితే 0, 3–4 అయితే 1, 5–6 అయితే 2, 7–9 అయితే 3, 10 లేదా ఎక్కువైతే 4.

మూడు: ఒకే పూట 6 లేదా అంతకన్నా ఎక్కువ డ్రింకులు ఎన్నాళ్ళకొకసారి? ఎప్పుడూ లేదు 0, నెలకొకసారి కన్నా తక్కువ 1, నెలనెలా 2, వారంవారం 3, దాదాపు రోజూ 4.

మొత్తం 12. మామూలుగా మగవాళ్ళకు 4, ఆడవాళ్ళకు 3 వస్తే ఇంకా వివరంగా చూడాలి. డెబ్బై దాటి కీమో తీసుకుంటున్నవాళ్ళ విషయంలో నేను ఇద్దరికీ 3 దగ్గరే ఆగుతాను. రోజూ ఒకే డ్రింకు తీసుకునే మనిషికి మొదటి ప్రశ్నతోనే 4 వచ్చేస్తాయి. అలాంటప్పుడు వ్యసనం అనే ముద్ర వేయకుండా, ఏ మాత్రల మీద తాగుతున్నారో చూడండి. మార్కు తక్కువ వచ్చినంత మాత్రాన ధైర్యపడకూడదు కూడా. నిద్రమాత్ర మీద ఒక్క పెగ్గు వేసుకునే మనిషికి మార్కు చిన్నది, ప్రమాదం పెద్దది.

7. తేలకపోతే ఇంకో కాగితం

పెద్దవాళ్ళ కోసమే తయారైన పది ప్రశ్నల పరీక్ష ఒకటుంది, స్మాస్ట్-జి. అన్నీ అవును, కాదు ప్రశ్నలే. రెండు "అవును"లు వస్తే సమస్య ఉన్నట్టు లెక్క. మనసు తేలికపరచుకోవడానికి తాగుతున్నారా, ఆప్తులు పోయాక తాగుడు పెరిగిందా లాంటివి అందులో ఉంటాయి. రిటైరైన మనిషిని "ఉద్యోగానికి డుమ్మా కొట్టారా" అని అడగదు కాబట్టి నాకు ఇది నచ్చుతుంది.

కేజ్ అనే నాలుగు ప్రశ్నలు కూడా వాడతారు: తగ్గించాలని అనిపించిందా, ఎవరైనా అంటే చిరాకు వచ్చిందా, తప్పు చేస్తున్నానని అనిపించిందా, పొద్దున లేవగానే తాగాల్సి వచ్చిందా. రెండు అవునంటే చూడాలి. కానీ ఇది ఎంత తాగుతున్నారో చెప్పదు. ఇరవై ఏళ్ళ కిందట మానేసిన మనిషిని కూడా పట్టుకుంటుంది. ఒక్క కేజ్ మీదే ఆధారపడకండి.

8. మాత్రల జాబితా పక్కన పెట్టి చూడండి

డాక్టరుకు తప్పకుండా చెప్పాల్సిన జోడీలు:

- మార్ఫిన్, ట్రమడాల్, ఫెంటనిల్ ప్యాచ్ లాంటి గట్టి నొప్పి మందులు, నిద్రమాత్రలు: ఆల్కహాల్‌తో కలిస్తే శ్వాస మందగిస్తుంది, పడిపోతారు.
- పారాసిటమాల్, మెథోట్రెక్సేట్ (కీమోలో వాడేది): కాలేయం మీద భారం. రోజూ తాగేవాళ్ళకు పారాసిటమాల్ మోతాదు డాక్టరే చెప్పాలి.
- ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు: కడుపులో రక్తస్రావం.
- ప్రొకార్బజిన్ (కీమో మాత్ర): తాగితే ముఖం ఎర్రబడి, వాంతులు, గుండెదడ.
- మామూలు పాక్లిటాక్సెల్, కొన్ని రకాల డోసిటాక్సెల్ (ఇవీ కీమో మందులే): ఇంజెక్షన్‌లోనే ఆల్కహాల్ ఉంటుంది. పూర్తిగా మానేసిన మనిషికి ఇది ముందే చెప్పాలి.
- నాల్ట్రెక్సోన్: తాగుడు మాన్పించడానికి ఇచ్చేది. మార్ఫిన్ లాంటివి వాడుతున్నవాళ్ళకు ఇవ్వకూడదు, నొప్పి మందు పనిచేయకుండా చేస్తుంది. డీ-అడిక్షన్ డాక్టరుకు క్యాన్సర్ మందుల జాబితా చేరిందో లేదో చూడటం మీ పని.

నోటికి, గొంతుకు రేడియేషన్ జరుగుతుంటే ఆల్కహాల్ ఉన్న పుక్కిలింత ద్రవాలు కూడా మార్పించండి. పుండ్ల మీద నిప్పు పోసినట్టుంటుంది.

9. వచ్చినదాన్ని బట్టి నడవండి

అసలు తాగకపోతే తేదీతో రాసి, తర్వాతి దశలో మళ్ళీ అడగండి.

కొద్దిగా తాగుతూ, మానేసినప్పుడు వణుకు లాంటి లక్షణాలు ఎప్పుడూ రానివాళ్ళతో అప్పటికప్పుడే ఐదు పది నిమిషాలు మాట్లాడండి. ఉపన్యాసం వద్దు. "మీ నోట్లో పుండ్లు త్వరగా మానాలంటే ఈ ఆరు వారాలు ఆపితే బాగుంటుంది, ఏమంటారు?" అని వాళ్ళ జబ్బుకు ముడిపెట్టి అడగండి. జవాబు కోసం ఆగండి. రెండు మూడు వారాల్లో మళ్ళీ కనుక్కోండి.

మార్కు బాగా ఎక్కువైతే పది ప్రశ్నల పూర్తి ఆడిట్ చేయించండి. 40కి 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే తాగుడుకు బానిస అయ్యారేమో నిపుణులు చూడాలి. ఇక్కడ రిఫరల్ కాగితం చేతిలో పెట్టి పంపేయడం చాలదు. కీమో తేదీలు, డీ-అడిక్షన్ తేదీలు కలిసేలా మీరే ఫోన్ చేసి కుదర్చండి. నీరసంగా ఉన్న పెద్దమనిషి రెండు చోట్ల లైన్లో నిలబడలేరు.

చివరి రోజుల్లో ఉన్నవాళ్ళ సంగతి వేరు. అక్కడ నా దృష్టి మాన్పించడం మీద ఉండదు. నొప్పి మందులతో కలిసి హాని చేయకుండా, ఉన్నట్టుండి ఆగిపోయి నరకం చూడకుండా ఉంటే చాలు. అయినా అడగడం మాత్రం అడగాలి. నొప్పికి చాలినంత మందు అందకే తాగుతున్నారని అప్పుడే తెలియవచ్చు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

"తాగను" అన్న మాటతో ఆగిపోవడం. జబ్బు బయటపడ్డాక మొన్నే మానేసిన మనిషి కూడా నిజాయితీగా "తాగను" అంటారు. "ఎప్పుడూ లేదా, మానేశారా? మానేసి ఎన్నాళ్ళయింది?" అని అడగండి.

అన్నిటినీ క్యాన్సర్ ఖాతాలో వేయడం. నీరసం, నిద్ర పట్టకపోవడం, బరువు తగ్గడం, మతిమరుపు, కాళ్ళ తిమ్మిర్లు, పడిపోవడం కీమోతోనూ వస్తాయి, తాగుడుతోనూ వస్తాయి. దీనికి ఎదురు తప్పు కూడా అంతే చెడ్డది: తాగేవారని తెలియగానే అయోమయాన్నంతా దానికే అంటగట్టడం. ఇన్ఫెక్షన్, రక్తంలో కాల్షియం పెరగడం, సోడియం తగ్గడం, మార్ఫిన్ ఎక్కువవడం, మెదడుకు జబ్బు పాకడం, ఇవన్నీ చూడాలి.

"ఈ వయసులో ఇంకెందుకు మాన్పించడం, ఆ ఒక్క సుఖమైనా ఉండనీ" అని ఇంట్లోవాళ్ళు అంటే కోప్పడకండి. అది ప్రేమతో అన్నమాటే. ఏ మాత్రతో కలిస్తే ఏమవుతుందో చూపిస్తే వాళ్ళే మీకు సాయం చేస్తారు.

జవాబు సరైనదేనా, ఎలా చూసుకోవాలి?

వారం తర్వాత ఇంకొకరు, వేరేచోట, అవే ప్రశ్నలు అడగాలి. తేడా వస్తే రెండో జవాబు అబద్ధమని కాదు, నమ్మకం కుదిరిందని అర్థం. ఏడు రోజుల కాగితం ఇచ్చి రోజూ ఎంత తీసుకున్నారో రాయమనండి. రోగి ఒప్పుకుంటే ఇంట్లోవాళ్ళను "సీసా ఎన్నాళ్ళు వస్తుంది?" అని ఒక్క ప్రశ్న అడగండి. జ్ఞాపకశక్తి తగ్గినవాళ్ళ విషయంలో ఇంట్లోవాళ్ళ మాట లేకుండా మార్కు వేయకండి.

రక్తపరీక్షలతో తేల్చేద్దాం అనుకునేవాళ్ళకు ఒక మాట. కాలేయ పరీక్షల్లో ఉండే జీజీటీ పెరిగితే తాగుడే అనలేం, కాలేయానికి జబ్బు పాకినా, పిత్తనాళం మూసుకున్నా పెరుగుతుంది. ఎర్రకణాల సైజు చెప్పే ఎంసీవీ, మెథోట్రెక్సేట్, కాపెసిటబిన్ లాంటి కీమో మందులతోనూ పెరుగుతుంది. పెత్ అనే పరీక్ష ఆల్కహాల్ ఉంటేనే తయారయ్యే పదార్థాన్ని చూస్తుంది కాబట్టి గత రెండు నుంచి నాలుగు వారాల సంగతి బాగా చెబుతుంది. కానీ ఈమధ్య రక్తం ఎక్కించి ఉంటే రక్తదాత తాగిన ఆనవాళ్ళే కనిపించవచ్చు. ఏ పరీక్షైనా చెప్పే చేయించండి. చెప్పకుండా చేయించారని తెలిసిన రోజున రోగి మీతో మాట్లాడటం మానేస్తారు.

కేస్ షీటులో "ఆల్కహాల్: ఉంది" అని వదిలేయకండి. ఇలా రాయండి: "విస్కీ, రోజూ రాత్రి 120 మి.లీ., చివరిసారి నిన్న రాత్రి 9కి. ఆడిట్-సి 5. ఇంతకుముందు మానేసినప్పుడు చేతుల వణుకు వచ్చింది, ఫిట్స్ రాలేదు. ట్రమడాల్ వాడుతున్నారు. అనస్థీషియా డాక్టరుకు చెప్పాం." రాత్రి డ్యూటీకి వచ్చే నర్సుకు ఈ నాలుగు ముక్కలే దారి చూపిస్తాయి.

అసలు చెప్పనంటే? బలవంతపెట్టకండి. "సరే నాన్నగారూ, మీకు చెప్పాలనిపించినప్పుడు చెప్పండి. ఆపరేషన్ లోపు మాత్రం నాకు తెలియాలి" అని లేవండి. కేస్ షీటులో "లేదు" అని కాకుండా "అడిగాం, చెప్పలేదు" అని రాసి, మొదటి నాలుగు రోజులు వణుకు, చెమట, నాడి కనిపెట్టమని డ్యూటీ వాళ్ళకు చెప్పండి. మర్నాడు ఒకసారి వెళ్ళి కూర్చోండి. చాలామంది మర్నాడే చెప్తారు.